పిట్టల పేర్లు – పిల్లల పేర్లు



మన గోడపత్రికలో ఇంతవరకు ఆకుకూరల గురించి, గ్రహణాల గురించి, పరీక్షల భయం గురించి వ్యాసాలు వచ్చాయి. ఈసారి నేను పిట్టల పేర్లు పెట్టుకునే మనుషుల గురించి రాస్తున్నాను. ఇదేం విషయం అని నవ్వకండి. దీనికి కారణం మా అక్క కూతురు. ఆమె పుట్టి రెండు నెలలు కావస్తున్నది. కాగితం మీద ఇంకా పేరు లేదు.

మా అక్కా బావా హైదరాబాదులో మియాపూర్‌లో ఉంటారు. బావది సెంట్రింగ్ పని. అక్క కూడా కాన్పుకు ముందు దాకా ఇసుక తట్టలు మోసింది. మా తండాలో సగం ఇళ్ళకు తాళాలే, వాళ్ళందరూ అక్కడే ఏదో ఒక బిల్డింగ్ కింద రేకుల షెడ్లలో ఉంటారు. హైదరాబాదు మెట్రో రైలు మొట్టమొదట మొదలైంది ఆ మియాపూర్‌లోనే, 2017 నవంబర్ 28న. అక్కడి నుంచి నాగోలు దాకా 30 కిలోమీటర్లు. బావావాళ్ళ షెడ్డు ముందు నిలబడితే దూరంగా రైలు స్తంభాల మీద పోతూ కనిపిస్తుంది. నేను దసరా సెలవులకు తండాకు పోలేదు, పాపను చూద్దామని అక్కడికే పోయాను. మా యాడి అప్పటికే అక్కడ ఉన్నది. (మా లంబాడీలలో అమ్మను యాడి అంటాము. వార్డెన్ మేడమ్ కోసం చెప్తున్నాను.)

పాప పుట్టినప్పుడే నెత్తి మీద వెంట్రుకలు కుచ్చులాగ లేచి ఉన్నాయట. యాడి చూసి, ఇది నెమలి తురాయి అన్నది. నెమలిని మా భాషలో మోర్ అంటారు. అప్పటి నుంచి పాపను ముద్దుగా "మోరీ, మోరీ" అని పిలుస్తున్నది. ఊళ్ళో అయితే ఏ గొడవా ఉండేది కాదు. హైదరాబాదులో మోరీ అంటే మురికి కాలువ! పక్క షెడ్డు ఆమె విని, "అయ్యో, బంగారం లాంటి పిల్లకు గదేం పేరమ్మా, మోరీల పడేస్తరా ఏంది?" అని నవ్వింది. ఆమె మంచిదే, పాపకు నూనె పెట్టి కాళ్ళు సాగదీసేది ఆమే. కానీ ఆ మాట షెడ్లన్నీ తిరిగింది. పిల్లలు పాట కట్టి పాడారు. బావకు తల కొట్టేసినట్టయింది. "రేపు బడికి పోతే ఈ పిల్లను బతకనిస్తరా? నేను ఫోన్‌లో చూసి ఎవ్వరికీ లేని పేరు పెడ్త" అన్నాడు. అతను చూపిన పేర్లకు అర్థం అడిగితే అతనికీ తెలియదు. యాడి ఆ రాత్రి అన్నం తినలేదు. "మన మాట కాలువ మాట అయిందా?" అని ఒక్కటే అన్నది.

అక్క నన్ను పక్కకు పిలిచి, "నువ్వు చదువుకుంటున్నవు గదా, నువ్వే ఏదన్న చెప్పు" అన్నది. నేనేదో గొప్పదాన్నయినట్టు సరే అన్నాను.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి, మన ఇళ్ళలో చాలామందికి పనికొస్తుంది. బిడ్డ పుట్టిన 21 రోజులలోపు జననాన్ని నమోదు చేయించాలి. ఆసుపత్రిలో పుడితే ఆసుపత్రి వాళ్ళే సమాచారం పంపుతారు. ఆ రోజుకే పేరు ఉండాలని లేదు, పేరు గడి ఖాళీగా వదలవచ్చు. నమోదైన 12 నెలలలోపు పేరు రాయిస్తే దానికి ఆలస్య రుసుము లేదు. ఆ తరువాత రుసుము కట్టి 15 సంవత్సరాల దాకా రాయించుకోవచ్చు. ఇదంతా 1969 నాటి చట్టం ప్రకారం. దానిని 2023లో సవరించారు. 2023 అక్టోబర్ 1 నుంచి పుట్టిన వాళ్ళకు బడిలో చేరడానికి, ఓటుకు, డ్రైవింగ్ లైసెన్సుకు, ప్రభుత్వ ఉద్యోగానికి, అన్నిటికీ పుట్టిన తేదీ, పుట్టిన చోటు రుజువు ఆ ఒక్క కాగితమే. కాబట్టి దాని మీద ఏ పేరు పడితే ఆ పేరుతోనే జీవితమంతా నడవాలి.

ఇది నాకు అనుభవం. మా తండాలో చాలామందికి పుట్టిన వారాన్ని బట్టి పేర్లు ఉంటాయి. సోమవారం పుడితే సోమ్లా, మంగళవారం అయితే మంగ్లి, బుధవారం అయితే బుధ్యా, ఇట్లా. నాకూ అట్లాంటి పేరే పెట్టారు. ఒకటో తరగతిలో చేర్పించిన రోజు రిజిస్టరు రాసే ఆయన "ఇదొక పేరా" అని తనకు తోచిన సినిమా పేరు రాసేశాడు. బా పక్కనే నిలబడి ఉన్నాడు, ఏమీ అనలేకపోయాడు. ఆధార్‌లో ఒక పేరు, బడిలో ఇంకొక పేరు అయింది. గురుకులం పరీక్షప్పుడు కులం సర్టిఫికెట్ కోసం బా మూడుసార్లు ఆఫీసుకు తిరిగాడు, మూడు రోజుల కూలి పోయింది. ఈ హాస్టల్లో ఇట్లా రెండు పేర్లతో ఉన్నది నేనొక్కదాన్నే కాదని నాకు తెలుసు.

సరే, దసరా రోజుకు వస్తాను. ఆ రోజు పాలపిట్టను చూస్తే మంచిదని మన తెలంగాణలో అందరూ చేను గట్లకు పోతారు గదా. 2014 నుంచి అది తెలంగాణ రాష్ట్ర పక్షి కూడా. అంతకుముందు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కూ అదే ఉండేది. ఆంధ్రప్రదేశ్ వాళ్ళు 2018లో రామచిలుకను తీసుకున్నారు. మియాపూర్‌లో చేను గట్లు ఎక్కడివి? ఒకతను పంజరంలో పాలపిట్టను పెట్టుకొని వీధి వీధి తిరుగుతూ చూపించి డబ్బులు అడుగుతున్నాడు. అది రెక్క కూడా విప్పడం లేదు. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం అట్లా పట్టడం నేరం. యాడికి చట్టం తెలియదు, కానీ ముఖం తిప్పుకొని, "ఎగిరితేనే శకునం, కట్టేస్తే ఏం శకునం" అన్నది.

సెలవులయిపోయి వచ్చాక ఈ మాట తెలుగు మేడమ్‌కు చెప్పాను. మేడమ్ నవ్వి, "మీ అమ్మ వ్యాకరణం చెప్పింది" అన్నారు. నాకు అర్థం కాలేదు. అప్పుడు మేడమ్ నిఘంటువు తీసి చూపించారు. సంస్కృతంలో శకునం అంటే అసలు అర్థమే పక్షి. పక్షి ఎటు ఎగిరింది, ఎటు కూసింది అని చూసి మంచిచెడ్డలు చెప్పేవారు గనుక ఆ మాటకే శకునం అనే ఇంకొక అర్థం వచ్చింది.

అక్కడి నుంచి నాకు పిచ్చి పట్టుకుంది. శకుంతల అనే పేరు మన ఊళ్ళలో ఎంతమందికి లేదు? శకుంతం అంటే కూడా పక్షే. మహాభారతం ఆదిపర్వంలో మేనక కన్న బిడ్డను మాలినీ నది ఒడ్డున వదిలి పోతే, అడవిలో పక్షులు చుట్టూ చేరి కాపాడాయి. కణ్వ మహర్షి చూసి, పక్షులు కాచిన పిల్ల గనుక శకుంతల అని పేరు పెట్టాడు. అంటే అడవిలో దొరికిన పిల్లకు పిట్టల పేరు పెట్టారు. ఆ పేరును ఎవ్వరూ మోటు పేరు అనరు. ఇంకొక తమాషా ఏమిటంటే శకుని అన్నా పక్షే! ఒకే కుదురు మాట. ఆడపిల్లకు శకుంతల అని మురిసిపోయి పెట్టుకుంటాం, మగపిల్లవాడికి శకుని అని ఎవరైనా పెడతారా? తప్పు పక్షిది కాదు, పాచికలది.

ఆ తరువాత మేడమ్ అమరకోశంలో సింహాది వర్గం చూడమన్నారు. పేరు సింహానిదే గానీ అందులో పిట్టల పేర్లు వరుసగా ఉన్నాయి. నేను మధ్యాహ్నం అన్నం గంట కొట్టినా లేవలేదు (వంట అక్క తిట్టింది). వ్యాసుడి కొడుకు శుకుడు, శుకం అంటే చిలుక. భాగవతం పరీక్షిత్తుకు చెప్పింది ఆయనే. సారిక అంటే గోరింక, మైనా అన్నా అదే. సుపర్ణ అంటే మంచి రెక్కలున్నది, అది గరుత్మంతుడి పేరు. తైత్తిరీయ ఉపనిషత్తు అంటారు గదా, తిత్తిరి అంటే కౌజు పిట్ట. యాజ్ఞవల్క్యుడు గురువుతో గొడవపడి నేర్చిన వేదాన్ని కక్కేస్తే, తోటి శిష్యులు కౌజు పిట్టలై దాన్ని ఏరుకొని తిన్నారని విష్ణుపురాణంలో కథ. కౌశిక్ అనే పేరు ఇప్పుడు పట్నంలో చాలామందికి ఉన్నది. కుశికుని వంశం వాడని అర్థం, విశ్వామిత్రుడికి ఉన్న పేరు. అదే మాటకు గుడ్లగూబ అని కూడా అర్థం ఉన్నది! ఈ సంగతి తెలిస్తే ఎంతమంది తల్లిదండ్రులు పేరు మారుస్తారో.

2023 మార్చిలో ఆస్కార్ తీసుకున్న సంగీత దర్శకుడు కీరవాణి గారి పేరు మీకందరికీ తెలుసు. కీరవాణి ఒక రాగం పేరు. కీరం అంటే చిలుక, వాణి అంటే మాట. చిలుక పలుకు అన్నమాట. అదే తెలుగులో చిలకమ్మ అంటే పాతకాలం పేరు అంటారు, సంస్కృతంలో కీరవాణి అంటే ఆహా అంటారు. చిలుక రెండు చోట్లా ఒకటే.

ఇది హిందువుల పేర్లలోనే అనుకోవద్దు. బావావాళ్ళ షెడ్ల దగ్గర టీ కొట్టు వాళ్ళ అమ్మాయి పేరు షాహీన్. అంటే డేగ. హుమా అనే పేరు కూడా ముస్లిములలో ఉన్నది, అది పారసీక కథలలో పక్షి, దాని నీడ ఎవరి మీద పడితే వాళ్ళు రాజు అవుతారట. మన క్రైస్తవ చెల్లెళ్ళు బైబిల్ తెరిచి చూడండి, యోనా అంటే హీబ్రూ భాషలో పావురం, మోషే భార్య సిప్పోరా పేరుకు అర్థం పక్షి. ఇంగ్లీషు వాళ్ళలో రాబిన్ అని ఉన్నది గదా, పిట్ట పేరు మనిషికి పెట్టారనుకున్నాను. కాదట. రాబర్టును ముద్దుగా రాబిన్ అనేవారు, ఆ మనిషి పేరునే ఎర్ర రొమ్ము పిట్టకు పెట్టారు. మనం పిట్ట పేరు పిల్లకు పెడితే వాళ్ళు పిల్లవాడి పేరు పిట్టకు పెట్టుకున్నారు.

ఇళ్ళ పేర్లలో కూడా పిట్టలున్నాయి. పిట్టల, గువ్వల, కాకి అనే ఇంటి పేర్లు మీరు వినే ఉంటారు. అరకు, పాడేరు వైపు గిరిజనులలో పాంగి అనే ఇంటి పేరు చాలామందికి ఉన్నది, పాంగి అంటే గద్ద. అట్లాగే కొర్ర అంటే సూర్యుడు, కిల్లో అంటే పులి, గొల్లోరి అంటే కోతి. అవి వాళ్ళ వంశాల గుర్తులు. అక్కడ బిడ్డకు ఏ పేరు పెట్టినా, పుట్టగానే ముందు గద్ద వచ్చి కూర్చుంటుంది.

ఇక కొన్ని పేర్లలో ఉన్న మెలికలు కూడా చెప్పాలి. పాట బాగా పాడాలని ఆడపిల్లకు కోకిల అని పెడతారు. సరోజినీ నాయుడు గారిని భారత కోకిల అన్నారు. ఆమె కవితల పుస్తకాల పేర్లు చూసినా పక్షులే, 1912 పుస్తకం పేరులో కాలమనే పక్షి, 1917 పుస్తకం పేరులో విరిగిన రెక్క. కానీ చైత్రంలో కూ కూ అని పాడేది మగ కోకిల, నల్లగా ఉండేది. ఆడ కోకిల గోధుమ రంగు మీద తెల్ల చుక్కలతో ఉంటుంది, ఆ పాట పాడదు, కీచుమని అరుస్తుంది. పోయి కాకి గూట్లో గుడ్లు పెట్టి వస్తుంది. హంస సంగతి ఇంకా గడబిడ. పాలూ నీళ్ళూ వేరు చేస్తుందని కథ గానీ, కవులు చెప్పిన హంస తల మీద నల్లని చారలున్న ఒక అడవి బాతు అని చాలామంది పండితుల మాట. ఆ బాతు నిజంగానే హిమాలయాలు దాటి చలికాలానికి మన దేశపు చెరువులకు వస్తుంది. పేపర్లలో రాజహంస అని రాసేది మాత్రం వేరు, పొడుగు కాళ్ళ గులాబీ రంగు పక్షి. మియాపూర్‌కు దగ్గరలో అమీన్‌పూర్ చెరువు ఉన్నది. 2016లో దాన్ని జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు, పట్నం అంచున ఉన్న చెరువుకు అట్లా గుర్తింపు రావడం దేశంలో అదే మొదలు. చలికాలంలో అక్కడికి ఆ రాజహంసలు కూడా వస్తాయి. బావ ఒక సాయంత్రం నన్ను తీసుకుపోయాడు. రాజహంసలు ఇంకా రాలేదు, నీటికాకులు రెక్కలు ఆరబెట్టుకుంటూ కూర్చున్నాయి, కొంగలున్నాయి, చుట్టూ పెద్ద పెద్ద బిల్డింగులున్నాయి. బావ పక్షులను చూడలేదు, బిల్డింగులనే చూపించి ఏది ఎన్ని అంతస్తులో చెప్పాడు. రెండింటికి తనే సెంట్రింగ్ కొట్టాడట.

ఇప్పుడు అసలు సంగతి, నెమలి. దీన్ని ఆఖరికి దాచుకున్నాను.

అమరకోశంలో నెమలికి చాలా పేర్లున్నాయి. మయూరం, బర్హి, శిఖి, కేకి, నీలకంఠం. నీలకంఠం అంటే శివుడే అనుకున్నాను ఇన్నాళ్ళు. ఉత్తర దేశంలో పాలపిట్టను కూడా నీలకంఠ్ అనే అంటారు. అంటే ఆ పేరు పెట్టుకున్నవాళ్ళ మెడలో శివుడు, నెమలి, పాలపిట్ట ముగ్గురూ ఉన్నారు. మయూర్, మయూరి అని పిల్లల పేర్లు అందరికీ తెలిసినవే. 4వ శతాబ్దంలో కన్నడ దేశంలో కదంబ రాజ్యాన్ని నిలబెట్టిన రాజు పేరు మయూరశర్మ. తమిళుల పేర్లలో మయిల్‌సామి, మయిల్‌వాహనం అని ఉంటాయి, మయిల్ అంటే నెమలి, వాళ్ళ మురుగన్ వాహనం.

నేను తమిళ మాట నోట్సులో రాసుకుంటుంటే మా గదిలో గోండు స్నేహితురాలు చూసి, "మేము మల్ అంటాము" అన్నది. నిజమే గదా, దండారిలో గుస్సాడీలు తల మీద పెట్టుకునే నెమలి ఈకల టోపీని మల్ బూర అంటారు. మార్లవాయికి చెందిన కనకరాజు గారికి గుస్సాడీ నృత్యానికే 2021లో పద్మశ్రీ వచ్చింది, ఆయన 2024లో చనిపోయారు. టీవీలో ఆయన తల మీద చూసింది మల్ బూరనే. మయిల్, మల్, మయూర. పక్కపక్కన రాసి చూడండి. సంస్కృతంలోని మయూర అనే మాట ద్రావిడ భాషల నుంచో, అడవి జాతుల భాషల నుంచో పోయి ఉంటుందని భాషా పండితులు చాలామంది అంటారు. అంటే సంస్కృతం వాళ్ళు నెమలిని చూసి పేరు అడిగితే మనవాళ్ళలో ఎవరో చెప్పి ఉంటారు.

(ఈ వ్యాసం కుడి పక్కన జానెడు ఖాళీ వదిలాను. కోయ, చెంచు, నాయకపోడు, తోటి చెల్లెళ్ళు మీ ఇళ్ళలో నెమలిని, చిలుకను, కాకిని ఏమంటారో పెన్సిలుతో రాయండి. పెన్ను వద్దు, తప్పు రాస్తే దిద్దలేము.)

మరి మా యాడి మాట మోర్ ఎక్కడిది? ఇది సోషల్ సార్ చెప్పారు. మయూర అనే మాట జనం నోళ్ళలో అరిగి అరిగి ప్రాకృతంలో మోర అయింది. హిందీలో మోర్, మా లంబాడీలో మోర్ అదే. ఎప్పుడో ఇటీవల అరిగిన మాట కాదు. క్రీస్తుకు పూర్వం 3వ శతాబ్దంలో అశోకుడు రాళ్ళ మీద శాసనాలు చెక్కించాడు గదా. మొదటి శాసనంలో తన వంటశాలలో రోజూ లక్షల జంతువులను చంపేవారని, ఇప్పుడు రెండు నెమళ్ళు, ఒక జింక మాత్రమే చంపుతున్నారని, ఇకముందు అవి కూడా చంపరని చెప్పించాడు. గుజరాత్‌లో గిర్నార్ దగ్గర బండ మీద ఆ నెమళ్ళకు ఉన్న మాట మోర. ఆ శాసనాల వరుసే మన తెలుగు నేల మీద కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద కూడా ఉన్నది. మా యాడి పలికే మాట రెండు వేల రెండు వందల సంవత్సరాలకు పైగా బండ మీద ఉన్నదని విని నాకు ఒళ్ళు జలదరించింది.

ఇంకా ఉన్నది. అశోకుడి తాత చంద్రగుప్తుడు, వాళ్ళది మౌర్య వంశం అని మనం 6వ తరగతి నుంచి రాస్తున్నాం. పాళీ భాషలోని బౌద్ధ గ్రంథాలలో ఆ వంశం పేరు మౌర్య కాదు, మోరియ. నెమళ్ళతో ముడిపెట్టి ఆ పేరు వచ్చిన కథ కూడా వాళ్ళు చెప్తారు. మోరియ! షెడ్ల దగ్గర పిల్లలు పాట కట్టి నవ్విన పేరు. నేను క్లాసులో గట్టిగా నవ్వేశాను, సార్ నిలబెట్టారు, అయినా నవ్వు ఆగలేదు.

ఒక మాట ఒప్పుకోవాలి. హైదరాబాదులో మోరీ అంటే మురికి కాలువ అనేది కూడా నిజమే, అశోకుడిని చూపిస్తే అక్కడి పిల్లలు నవ్వడం మానరు. మన తెలుగువాళ్ళలోనే పుట్టిన బిడ్డలు దక్కకపోతే తరువాత పుట్టినవాడికి పెంటయ్య అని పెట్టేవారు, దిష్టి తగలకుండా, పెంట మీద పారేసినవాణ్ణి చావు కూడా అడగదని. ఆ పేర్ల వెనక ఎంత ఏడుపు ఉందో తెలియక బడిలో నవ్వేవారట. అందుకని కాగితం మీద ఏం రాయించాలి అనేదానిలో బావ మాట కూడా తీసేసేది కాదని నాకు అనిపించింది. నా పేరులాగా ఇంటి పేరొకటి, బడి పేరొకటి అయి రెండు వేరువేరు మనుషుల్లాగ కాకుండా ఉంటే చాలు.

పోయిన ఆదివారం ఫోన్ వంతు వచ్చినప్పుడు అక్కకు ఇదంతా చెప్పాను. అయిదు నిమిషాలే గనుక పరుగు పరుగున చెప్పాను. మోర్, మయూరి ఒకే మాట, కాగితం మీద మయూరి అని రాయించండి, ఇంట్లో యాడి ఎట్లా పిలిస్తే అట్లా అన్నాను. నెమలి 1963 నుంచి మన జాతీయ పక్షి అని కూడా కలిపాను, బావకు ప్రభుత్వం మాట అంటే గురి. బావ స్పీకర్‌లో విని కొంచెం సేపు మాట్లాడలేదు. ఆ తరువాత, "మయూరి అంటే ఆడ నెమలి గదా, దానికి పింఛం ఉండదు గదా" అన్నాడు. అది నిజమే, పురి విప్పేది మగ నెమలి. నేను ఏం చెప్పాలా అని చూస్తుంటే అక్కే, "నీకేమన్న ఉన్నదా పింఛం?" అన్నది. వెనక ఎవరో నవ్వారు, పక్క షెడ్డు ఆమె అనుకుంటాను.

సంక్రాంతి సెలవుల్లో మీసేవకు పోయి పేరు ఎక్కించాలి. నేనూ పోతాను. తెలుగులో, ఇంగ్లీషులో ఒక్కొక్క అక్షరం నేనే చూసి, అప్పుడు సంతకం పెట్టమంటాను.

చివరి నిమిషంలో ఫోన్ యాడికి ఇచ్చారు. నీ మాట రాజుల మాట యాడీ, బండల మీద చెక్కి ఉన్నది అని చెప్పాను. "నేను మొదటి రోజే చెప్పిన గదా" అన్నది. మోరీకి నీళ్ళు పోసే టైమ్ అయింది, ఫోన్ పెట్టేయి అని కూడా అన్నది.